కోరలకు తగిన గాలము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఉత్తరపు అంచున నున్న విస్కాన్సిన్ రాష్ట్రమున హేవర్డ్ అను చిన్న పట్టణము కలదు. అచ్చటి మంచినీటి మత్స్యవేట ప్రదర్శనశాల ఆవరణములో 143 అడుగుల పొడవును, నాలుగంతస్తులకు మించిన ఎత్తును గల యొక చేపబొమ్మ నోరు తెరచుకొని నిలిచియున్నది. దాని కడుపులోనుండి మెట్లెక్కి పోయి, దిగువ దవడపై నిలువబడి, కోరల నడుమనుండి ఊరిని చూడవచ్చును. పిల్లలు వినోదమునకై ఎక్కుదురు. పెద్దలు ఛాయాచిత్రములకై ఎక్కుదురు. గాలపుకర్ర కొనదలచినవాడు మాత్రము ఆ దవడపై నిలిచి, ఆ నోటిని నిదానముగా పరిశీలించుట మేలు. ఏలయనగా ఈ చేపను పట్టబోవువాని సామగ్రియంతయు, దారము మొదలు పట్టకారు వరకు, ఆ నోటికొలతను బట్టియే నిర్ణయింపబడినది.

ఆ చేప పేరు మస్కెలంజ్. వేటగాండ్ర నోట మస్కీ. ఆ ప్రాంతపు ఆదివాసులగు ఓజిబ్వేలు దానిని మాష్కినోఝే యని పిలిచిరి. శాస్త్రజ్ఞులు ఎస్సాక్స్ మాస్కినొంగీ యనుచున్నారు. మన గోదావరీ కృష్ణలలోని ఏ చేపకును అది చుట్టము కాదు. ఉత్తర అమెరికాలోని మహాసరస్సులు, సెయింట్ లారెన్సు నది, మిసిసిపీ ఎగువభాగము, ఒహాయో నదీపరీవాహము దానికి పుట్టినిండ్లు. ఈటెవలె సాగిన దేహము, బాతుముక్కువలె చదునైన మూతి, తోకకు చేరువగా నెట్టబడిన వెన్నువాజము - ఈ నిర్మాణము దూరప్రయాణమునకు గాక, పొంచియుండి ఒక్క పెట్టున లంఘించుటకు ఏర్పడినది. దాని దాయాది యగు ఉత్తర పైక్ చేపను పరీక్షాశాలలలో కొలిచినవారు, ఆ దూకుడులోని త్వరణము గురుత్వ త్వరణమునకు దాదాపు పది రెట్లుండుట చూచిరి. నాలుగడుగుల మస్కీ అరుదు కాదు. 1949లో విస్కాన్సిన్‌లోనే పట్టుబడినదని చెప్పబడు చేప 69 పౌన్ల 11 ఔన్సులు తూగెనట. ఆ లెక్కపై నేటికిని వివాదము ముగియలేదు. వేటగాండ్ర కథలలో తూకమునకు పెరుగు గుణము సహజమే గదా.

పదివేల విసురులకు ఒక్కసారి చిక్కు చేపయని దీనికి అచ్చట పేరు. అది అతిశయోక్తియే, ఐనను దినమంతయు విసరి వట్టిచేతులతో ఇంటికి వచ్చుట దీని వేటలో సామాన్యము. ఈ కీర్తికి బెదరియే క్రొత్తవాడు దుకాణమునకు పోవును. పెద్ద చేప, పెద్ద కష్టము, కాబట్టి పెద్ద ఖర్చు అను తర్కము అతని మనస్సులో ముందే కూర్చుండును. ఫలితముగా మూడువందల డాలర్ల కర్రను, అంతే వెలగల రీలును, ఇరువది రంగుల ఎరలను కొని, తీరా చేప పడవప్రక్కకు వచ్చినప్పుడు దాని నోటినుండి ముల్లు తీయుటకు వంటింటి పట్టకారుతో తడబడును. చికాగో, మినియాపొలిస్ ప్రాంతములలో స్థిరపడిన మనవారిలో, చిన్ననాడు కాలువగట్టున వెదురుకర్రకు వానపామును గ్రుచ్చి కూర్చున్న అలవాటు గలవారికి ఈ పొరపాటు మరింత సులభము. వారెరిగిన వేటలో చేప పట్టుబడుటతో కథ ముగిసెడిది. ఇక్కడ కథలో సగము అక్కడనే మొదలగును. అందుచేత నా సలహా తలక్రిందులుగా నుండును: విడిచిపెట్టుటకు కావలసిన వస్తువులను ముందు కొనవలెను, పట్టుటకు కావలసినవానిలో పొదుపు చూపవలెను.

మొదట కోరల సంగతి. మస్కీ క్రింది దవడలో కత్తివలె అంచుగల కోరలును, అంగిటిపై లోపలికి వాలిన చిన్నపండ్ల బారులును ఉండును. నేడు అందరును వాడు అల్లిక దారము, సన్నని పాలిఎథిలీను నూళ్ళను పేని చేసినది. ఆ పదార్థములోని అణుశృంఖలలన్నియు పొడవున ఒకే దిశగా పరుండియుండుటచే లాగినప్పుడు దాని బలము అద్భుతము; 80 పౌన్ల బలముగల దారము మందము అర మిల్లీమీటరు కంటె తక్కువ. కాని అదే నూలు అడ్డముగా తగిలిన కోరయెదుట ఒక్కొక్క పోగుగా కోసుకొనిపోవును. కాబట్టి దారమునకును ఎరకును నడుమ, జానెడు మొదలు మూరెడు లోపు పొడవున, లీడరు అను రక్షకతంతువు తప్పనిసరి. ఉక్కుతీగది కావచ్చును, లేదా 100 నుండి 130 పౌన్ల ఫ్లోరోకార్బనుది కావచ్చును. ఈ రెండవదాని వక్రీభవన గుణకము 1.42; నీటిది 1.33; నైలానుది సుమారు 1.53. నీటికి చేరువగా నుండుటచే అది కొంత తక్కువగా కనబడునని వేటగాండ్రు మెచ్చుకొందురు. నా మట్టుకు, మిల్లీమీటరు మందమునకు చేరువైన ఆ తంతువును చూడలేని చేప కన్ను ఉండునని నమ్మకము లేదు. దాని అసలు గుణము కోరకు లొంగని మందమే. కుదుపులతో లాగవలసిన కొయ్య ఎరలకు బిరుసైన ఒంటితీగయే మేలు, ఏలయనగా ఎర వెనుదిరిగి మెత్తని తంతువులో తన ముళ్ళను తానే చిక్కించుకొనును. లీడరు లేక మస్కీవేటకు పోవుట, మూడు ముళ్ళ ఇనుమును చేపగొంతులో విడిచిపెట్టి వచ్చుటకు సిద్ధపడుటయే. కొద్ది డాలర్ల వస్తువు, ఇందులో బేరమాడరాదు.

ఇక 80 పౌన్ల దారమెందుకను ప్రశ్న. చేప ముప్పది పౌన్లు తూగుటయే గొప్ప. అందును నీటిలో దాని బరువు మనపై పడదు. మరి ఇంత బలమెందుకు? దీనికి సమాధానము నేను ఖర్చుపెట్టి నేర్చుకొన్నది. ఉత్తర విస్కాన్సిన్‌లోని యొక సరస్సుపై మొదటిసారి ఎరవు తెచ్చుకొన్న రీలుతో విసరిన నాడు, దానిలో చుట్టియున్నది 30 పౌన్ల దారము. ఎర బరువు దాదాపు వంద గ్రాములు. విసురు మధ్యలో బొటనవ్రేలు ఆలస్యమైనందున రీలులోని చక్రము ఎరకంటె వేగముగా తిరిగి, దారమంతయు క్షణములో చిక్కుపడి పిచ్చుకగూడైనది. చక్రము టక్కున నిలిచినది. గాలిలో పోవుచున్న ఎర మాత్రము నిలువలేదు. దారము తెగిన చప్పుడు తుపాకిమ్రోతవలె వినబడెను. పాతిక డాలర్ల ఎర సరస్సు నడుమకు సుఖముగా ఎగిరిపోయి మునిగెను. అప్పుడు తెలిసినది, లావు దారము చేపతో పెనగుటకంటె మన చేతకానితనమునుండి ఎరను కాపాడుటకే ఎక్కువ అవసరమని. సన్నని దారమునకు ఇంకొక దోషమును కలదు: తెగునను భయముతో చేపను నెమ్మదిగా, చాలసేపు ఆడింపవలసివచ్చును. ఆ కాలమంతయు దాని కండరములలో లాక్టిక్ ఆమ్లము పేరుకొనిపోవును. విడిచిన తరువాత ఈదుకొని పోయిన చేప కూడ కొన్ని గంటలకు నీటి అడుగున చావవచ్చును.

సాగని గుణము కూడ ఇందులో చూడదగినది. నైలాను ఏకతంతువు తెగుటకు ముందు తన పొడవులో ఐదవ వంతు వరకు సాగగలదు. పాతిక మీటర్ల దూరమున చేప ఎరను కరచినప్పుడు మనము కర్రను వెనుకకు లాగిన బలములో చాలభాగము దారము సాగుటకే వ్యయమగును. మస్కీ నోరు ఎముకతో గట్టిపడినది. అందులో ముల్లు దిగవలెనన్న బలము అక్కడికి చేరవలెను. అల్లిక దారము అతిస్వల్పముగానే సాగును గనుక ఈ పని చక్కగా చేయును. రెండుమూడేండ్లు చెడక నిలుచును. ఒకకొన నలిగినచో విప్పి తిరుగవేసి రెండవకొనను వాడుకొనవచ్చును. పొదుపరి మరువరాని యుపాయమిది.

కర్ర విషయమున ఒక చిత్రమైన అలవాటును ముందు తెలిసికొనవలెను. మస్కీ ఎరను కరవక, పడవదాక నీడవలె వెంబడించి, అంచున నిలిచి చూచి, మెల్లగా అడుగునకు దిగిపోవును. ఇట్లు వెంటవచ్చినదానిని రెచ్చగొట్టుటకు వేటగాడు ప్రతి విసురు చివరను కర్రకొనను నీటిలో ముంచి, ఎరను పడవ ప్రక్కనే ఆంగ్లపు ఎనిమిది అంకెవలె పెద్ద పెద్ద మలుపులతో త్రిప్పును. ఇరుకు మలుపున నాలుగడుగుల చేప తిరుగలేదు. కర్ర పొడవుగా నున్నకొలది మలుపు విశాలమగును. ఎనిమిదిన్నర అడుగుల కర్రను వేటగాండ్రు కోరుటకు ఇది ముఖ్యకారణము. విసురు దూరముగా పోవుట తరువాతి లాభము. ఐతే కర్ర యొక తులాదండము. పొడవు పెరిగినకొలది కొనవద్దనున్న భారము మణికట్టుపై అంతకంతకు హెచ్చును. కావున మోచేతి క్రిందుగా పట్టి రెండుచేతుల మీద భారము పంచుకొనుటకు వీలగు పొడుగైన పిడి ఉన్నదో లేదో దుకాణములోనే పట్టి చూడవలెను.

కర్రపై వ్రాసిన అంకెలలో, మోయగల ఎర బరువు ఎంతయను దానినే చదువవలెను. మూడు నుండి ఎనిమిది ఔన్సులనగా సుమారు 85 నుండి 227 గ్రాములు. ఆరంభకునికి ఈ పరిధి సమస్తమును భరించును. వెలగల కర్రలలో కర్బనపు నార ఎక్కువ, తేలిక ఎక్కువ. కాని పడవ అంచునకు తగిలి చిన్న గంటు పడినచో, తరువాతి విసురులో అక్కడనే ఫట్టున విరుగును. చౌకలో గాజునార కలిపిన కర్ర కొంత బరువు, కొంత మొద్దు, కాని దెబ్బలకోర్చును. నేర్చుకొనువాని చేతిలో కర్ర పడునన్ని పడుట్లు మరెక్కడను పడదు గనుక, వంద డాలర్ల చుట్టుపక్కల దొరకు మిశ్రమకర్రను మొదటి రెండేండ్లు వాడుట వివేకము. రెండుగా విడదీయదగినది కొన్నచో చిన్న కారులో కూడ పట్టును.

రీలు దగ్గర దుకాణదారు పళ్ళచక్రముల నిష్పత్తిని గురించి గంభీరముగా పలుకును. దీనిని ఒక చిన్న లెక్కతో మనమే తేల్చుకొనవచ్చును. దారము చుట్టుకొను చక్రము వ్యాసము నాలుగు సెంటీమీటర్లు అనుకొందము. చుట్టుకొలత పన్నెండున్నర సెంటీమీటర్ల పైచిలుకు. నిష్పత్తి 5.3 ఐనచో పిడిని ఒక్కమారు త్రిప్పగా దాదాపు 67 సెంటీమీటర్ల దారము వచ్చును; 7.1 ఐనచో 89. వేగము మూడవవంతు పెరిగినది, లాభమేకదా యనిపించును. కాని నీటి నిరోధము వేగపు వర్గమును బట్టి పెరుగును. దానికి తోడు, నిష్పత్తి హెచ్చినకొలది పిడివద్ద మన చేతికి ఆ నిరోధము అంతే రెట్లు బరువుగా తోచును. ఈ రెండును కలిసినప్పుడు, ఒకే జోరుతో త్రిప్పిన చేతిపై పడు శ్రమ నిష్పత్తి ఘనమును అనుసరించును: పై ఉదాహరణములో సుమారు 2.4 రెట్లు. పెద్ద రేకులు గిరగిర తిరుగు ఎరను దినమున మూడునాలుగు వందలమార్లు లాగవలసినవానికి ఈ లెక్క సాయంకాలమునకు భుజములో తెలియును. కనుక క్రొత్తవానికి ఐదారుల నడుమ నిష్పత్తి చాలును. స్వీడను దేశపు ఆబు సంస్థ అంబాసడర్ అను పేర తీసికొనివచ్చిన గుండ్రని రీళ్ళు దశాబ్దములుగా ఈ వేటలో ఉన్నవి. పాతవి సగము వెలకు దొరకును, విప్పి నూనెవేయుటకు అనువైనవి, విడిభాగములు లభించును. పాతది కొనునపుడు దారమును చేతికి చుట్టుకొని మెల్లగా లాగి చూడవలెను. రీలులో దారము జారుటను అదుపుచేయు నిరోధకము కుదుపులు లేక, పట్టుబట్ట జారినట్లు సమముగా వదలినచో మంచిది. మిగిలిన మెరుగులన్నియు తళుకులే.

ఎరలు ఈ వ్యసనములో అసలైన ఖర్చు. దుకాణపు గోడలు మనుష్యుల కన్నులకు గాలము వేయుటకై అలంకరింపబడినవి. చేప ఏమి చూచును, ఏమి వినును అని విచారించినచో ఈ మోహము కొంత తగ్గును. దాని శరీరపు ఇరుప్రక్కల పార్శ్వరేఖ యను ఇంద్రియము కలదు. సమీపములో నీరు కదలిన ప్రతి అలజడిని అది స్పర్శవలె గ్రహించును. 2001లో ప్రకటింపబడిన యొక ప్రయోగములో, చూపు లేకుండ చేయబడిన మస్కీలు ఎరను దూరమునుండి పొంచి సమీపింప లేకపోయినను, అది దగ్గరకు వచ్చినప్పుడు మాత్రము లంఘించి పట్టినవి. అనగా కన్ను వేటకు దారి చూపును. తుదిక్షణమున పార్శ్వరేఖ కూడ గురి చూపగలదు. ఎర రంగుకంటె అది నీటిలో పుట్టించు కదలికయే ప్రధానమని ఇందుండి నేను గ్రహించుచున్నాను. ఇది నా యూహయే, వేటగాండ్రు ఒప్పుకొనకపోవచ్చును.

అందుచేత మూడు ఎరలు చాలును, మూడు విధములైన కదలికలకు. ఒకటి, తిరుగు రేకులును జుట్టుతోకయు గలది. ఊరక లాగినను పనిచేయును, కనుక నేర్చుకొనువాని చేతిలో దీనికి సాటి లేదు. రెండవది, కుదుపులతో లాగినప్పుడు మునిగి, విడిచినప్పుడు తేలుచు వచ్చు కొయ్య ఎర. మూడవది, వేసవి సంధ్యలలో నీటిపై చప్పుడు చేయుచు ఈదునది. విస్కాన్సిన్‌లోని ఆంటిగో అను ఊరు ఈ విషయమున చిత్రమైనది: పేరుపొందిన సూయిక్ కొయ్య ఎర అక్కడ పుట్టినది, ఫ్రాన్సులో జనించిన మెప్స్ రేకుటెరలకు అమెరికా నెలవు కూడ అదే. ఆ మెప్స్ వారు ఉడుతతోకలను వేటగాండ్రయొద్ద కొని ఎరలకు జుట్టుగా కట్టుదురు. శ్రీరాముడు వ్రేళ్ళతో నిమిరిన ఉడుతను కథలలో విని పెరిగిన మనకు ఇది కొంచెము కష్టముగా నుండును. జింకతోక వెండ్రుకలతో కట్టినవియు దొరకును గనుక మనసొప్పినది కొనవచ్చును.

ఏది కొన్నను ముళ్ళకు పదును పెట్టు చిన్న ఆకురాయిని తప్పక కొనవలెను. ముల్లు దిగుట మన బలముపై గాక, ఆ బలము పడు వైశాల్యముపై ఆధారపడియున్నది. మొనవద్ద వైశాల్యము సగమైనచో పీడనము రెట్టింపగును. గోరుపై పెట్టి లాగినప్పుడు జారక పట్టుకొనవలెను. జారినచో ముల్లు మొద్దుబారినదని అర్థము. మూడువందల డాలర్ల కర్ర సాధింపలేనిది ఈ ఆకురాయి సాధించును.

చివరగా, నేను మొదట కొనుమన్న వస్తువులు. మస్కీ మెల్లగా పెరుగును. ఆడచేపలు పెద్దవై ఇరువది యేండ్లు దాటి బ్రదుకగలవు. పెద్ద ఆడచేప పోయినచో సరస్సునకు ఆ లోటు చాలకాలము తీరదు. అందుచేతనే మిన్నెసోటా రాష్ట్రములో 54 అంగుళములకు తక్కువైనదానిని ఉంచుకొనరాదని చట్టము; 1966లో ఆ రాష్ట్రముననే స్థాపితమైన మస్కీస్ ఇంకార్పొరేటెడ్ అను వేటగాండ్ర సంఘము పట్టి విడుచు సంప్రదాయమును వ్యాపింపజేసినది. నేడు ఈ వేటకు దిగువారిలో అధికులకు చేప భోజనము కాదు.

ఇక్కడ మన అనుభవము మనలను మోసగింపగలదు. మన అంగళ్ళలో కొర్రమీను తడిగోనెలో గంటలకొలది ప్రాణముతో నుండుట చూచినవారము. తెలంగాణ రాష్ట్రమత్స్యమగు ఆ కొర్రమీనుకు గాలిని నేరుగా పీల్చుకొను అవయవము కలదు. మస్కీకి లేదు. మొప్పల పొరలు నీటిలో విప్పారియుండి ప్రాణవాయువును గ్రహించును. గాలిలోనికి తీసినంతనే తడిసిన పుస్తకపు పుటలవలె ఒకదానికొకటి అతుక్కొని నిరుపయోగమగును. అప్పటికే అలసిన చేపను పడవలో పరుండబెట్టి ఛాయాచిత్రములు తీయుట, పరుగుపందెము ముగించినవాని ముక్కు మూయుట వంటిది.

కాబట్టి లోతైన, వెడల్పైన, ముడులు లేని, రబ్బరుపూత గల చేతివల మొదటిది. ముడుల వల రెక్కలను చీల్చును, ఒంటిపై జిగురుపొరను రాచివేయును. ఆ వలను నీటిలోనే ఉంచి, చేపకు అది తాత్కాలికపు తొట్టిగా చేసి, పని అంతయు నీటిలోనే చేయవలెను. రెండవది అడుగు పొడవుకు తగ్గని పొడుగుమూతి పట్టకారు. ఆ నోటికి చేతివ్రేళ్ళు దూరముగా నుండుటయే క్షేమము. మూడవది గట్టి ఉక్కుముళ్ళను తుంచగల కత్తెర. ముల్లు లోతుగా దిగినప్పుడు దానిని పీకుటకు యత్నింపక, టక్కున తుంచివేసి తక్కినది తీయుట రెండు క్షణముల పని. ఈ మూడింటికిని కలిపి కర్రకంటె ఎక్కువ ఖర్చగును, అగుగాక.

ఇంకొకటి కలదు, చాల చౌకైనది: ఉష్ణమాపకము. 10 డిగ్రీల సెల్సియస్ నీటిలో లీటరుకు పదకొండు మిల్లీగ్రాముల పైచిలుకు ప్రాణవాయువు కరగియుండగలదు. 27 డిగ్రీలవద్ద సుమారు ఎనిమిదియే. వెచ్చదనమున చేపకు కావలసినది పెరుగును, దొరకునది తరుగును. నీరు 27 డిగ్రీలకు చేరిన జూలై దినములలో అనుభవజ్ఞులు మస్కీకై విసరక, వేరు చేపల వెంటపడుదురు.

నేను చివరిసారి ఆ సరస్సునకు పోయినది సెప్టెంబరు నెల చివర. పొద్దు క్రుంకు వేళ, మూడడుగుల యొక చేప ఎనిమిది అంకెలోని రెండవ మలుపున ఎరను కరచినది. వలలోనే రెండు ముళ్ళు తుంచితిని. తోకమొదట పట్టుకొని నీటిలో నిలిపితిని. నిమిషము గడువక ముందే, తోక ఒక్క విదిలింపుతో నా చొక్కా తడిపి చీకటినీటిలోనికి పోయినది. తుంచిన ముళ్ళకు మారుగా క్రొత్తవానిని ఆ రాత్రియే దీపము వెలుతురున ఎరకు తగిలించుకొంటిని. రెండింటికిని కలిపి వెల రెండు డాలర్లు కాలేదు.